కార్జం లేని కంప్యూటర్

కొండాపూర్,
6 జూలై 2009

ఇందిరమ్మా,

మా అమ్మ పేరు నీకు పెట్టి తప్పు చేసినం. తిట్టుదామని కలం పడితే మా అమ్మను తిట్టినట్టైతది. అందుకే తిట్టు లేకుండనే మొదలువెడ్తున్న. మీ హాస్టల్ వార్డెనమ్మ సెల్‌ఫోన్లన్ని బీరువల పెట్టి తాళం వేసిందంట. మంచి పని చేసింది. ఫోన్ల అయితే "ఆఁ తాతా, సరే తాతా" అని రెండు మాటలకే ఉరుకుతుంటివి. ఇప్పుడు ఇన్లాండు కాయితం మూడు మడతలు నింపాలె.

ఇంటి కాడ అందరు మంచిగున్నరు. మీ నాయినమ్మ రాజవ్వ నా మీద రోజుకు రెండుసార్లు అలుగుతున్నది, అంటే పానం మంచిగున్నట్టే. మీ నాయిన పోచయ్యకు షిఫ్టుల మీద షిఫ్టులు. ఇంట్ల ఉన్నంతసేపు గుర్రు పెడ్తడు, లేనప్పుడే జెర నిమ్మళం.

అసలు ముచ్చట విను. పటాన్‌చెరు కాడ బొంబాయి రోడ్డు మీద రాజారావుది కాంటా ఉన్నది గదా, లారీని ఎక్కిస్తే లారీకి లారీ బరువు చూపెట్టేది. ఆడ కంప్యూటర్ల లారీ నంబరు కొట్టి చీటీ తీసే మనిషి కావాలంట. ఎరువుల దుకాణం ఎంకటనారాయణ సేటు మీ అమ్మ పేరు చెప్పిండు. ఆగస్టు 20 నాడు పరీక్ష. తప్పులు లేకుండ ఎవరు ఎక్కువ నంబర్లు కొడ్తే వాళ్లకే పని.

మీ అమ్మ పదో తరగతి పాసై, పదహారేండ్ల సంది మందుగోళీల కంపెనీల నిలవడి డబ్బాలకు మూతలు పెడ్తున్నది. సాయంత్రం ఇంటికొస్తే కాళ్లు గుమ్మడికాయల లెక్క ఉంటయి. నోరు తెరిచి ఏం అడగది. మొన్న మాత్రం చాటల బియ్యం చెరుగుకుంట ఒక్క మాట అన్నది. "మామా, ఆడ కూసుండేటందుకు కుర్చీ ఉంటదంట."

ఆ మాటకు నేను ఊకుంటనా? నేను వాచ్‌మెన్ చేసిన ఫ్యాక్టరీల పాత సామాను తీసేస్తున్నరంటే పోయి, బతిమాలి, ఒక కంప్యూటర్ తెచ్చిన. సెవెన్ సీటర్ ఆటోల ఒళ్లె పెట్టుకొని, కొత్తకోడల్ని తెచ్చినట్టు తెచ్చిన. స్విచ్చి వేస్తే నల్ల తెర మీద నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినయి, అంతే. సంగారెడ్డిల నెట్ సెంటర్ ఓదెలు వచ్చి విప్పి చూసిండు. "తాతా, దీంట్ల హార్డ్ డిస్క్ లేదు. కంపెనీ ముచ్చట్లు బయట పడొద్దని వాళ్లు పీకి పెట్టుకున్నరు. గింత పాతదానికి సరిపొయ్యేది దొరకాలంటే హైదరాబాద్ అంత తిరగాలె" అన్నడు.

అంటే లోపలి కార్జం తీసుకొని మేకను ఇచ్చిండ్రన్నట్టు.

నువ్వు చదివేది కంప్యూటర్ చదువే గదా. కార్జం లేని మేకను నడిపించుడు మీ సార్లు చెప్పిండ్రా లేదా? నలభై ఐదు రోజులే ఉన్నయి. జల్దీ రాయి.

బుద్ధిల నీకంటె చిన్నోడు,
మల్లయ్య తాత


వరంగల్,
11 జూలై 2009

ఉత్తరానికి కూడా చుట్ట వాసన పట్టించిన తాతకు,

నీ జాబు వాసన చూసి మా గది పిల్లలు కిటికీలు తెరిచారు. అమ్మ కాంటా పనికి పోతుందంటే నాకు రెండు రోజులుగా క్లాసులో పాఠం ఎక్కడం లేదు. అమ్మ తన కోసం ఏదైనా కావాలనగా నేను ఎప్పుడూ వినలేదు. కాబట్టి ఈసారి నువ్వు నీ తెలివి పక్కన పెట్టి, నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి.

హార్డ్ డిస్క్ లేకపోయినా కంప్యూటర్ నడుస్తుంది. పెన్ డ్రైవ్ చూశావు కదా, బొటనవేలంత ఉంటుంది. దానిలోకి లినక్స్ అనేదాన్ని ఎక్కించి కంప్యూటర్‌కు గుచ్చితే, కంప్యూటర్ దాని నుంచే లేస్తుంది. లినక్స్‌లో చాలా రకాలున్నాయి. బరువైనవి మన ముసలి కంప్యూటర్ మోయలేదు. పప్పీ అని ఒకటి ఉంది, పప్పీ అంటే కుక్కపిల్ల. చాలా తేలిక, డబ్బులు లేకుండా ఊరికే దొరుకుతుంది.

ఒక పెన్ డ్రైవ్ పట్టుకొని ఓదెలు దగ్గరికి పో. పప్పీ లినక్స్ ఐఎస్ఓ ఫైలును నెట్ నుంచి దింపమను. దాన్ని ఊరికే కాపీ చేస్తే కంప్యూటర్ లేవదు. యూనెట్‌బూటిన్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, అది కూడా దింపి దానితోనే ఎక్కించాలి. అంతకు ముందు పెన్ డ్రైవ్‌ను ఫార్మాట్ చెయ్యమను. ఇంటికొచ్చాక పెన్ డ్రైవ్ గుచ్చి, స్విచ్ వేసిన వెంటనే డిలీట్ అని రాసిన మీటను టకటకా కొడుతూ ఉండు. నీలం తెర వస్తుంది. అక్కడ బూట్ అన్న చోట యూఎస్‌బీని అన్నిటికంటే పైన పెట్టి ఎఫ్10 నొక్కాలి. మీటల మీద అమ్మ వేళ్లే ఉండాలి, నీవి వద్దు.

నాయనమ్మకు నా దండాలు. నీకు మాత్రం లేవు.

ఇందిర

(చోటు అయిపోయింది, గమ్ము అంచు మీద రాస్తున్నాను. ఫార్మాట్ చేస్తే పెన్ డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. ఎవరి దగ్గరైనా అడిగి తెస్తే, లోపల ఉన్నవి ముందు వేరే చోట దాచి పెట్టమను. ఈ మాట మరవకు.)


కొండాపూర్,
20 జూలై 2009

దండాలు దాచుకున్న పిసినారి మనుమరాలా,

లేచింది! మేక లేచింది! లేచుడే గాదు, మొరిగింది!

మొదటి నుంచి చెప్తున్న. నీ జాబు మంగళవారం వచ్చింది. నువ్వు గమ్ము గట్టిగ అంటిస్తవ్, విప్పుడు నాతోని కాదు. ఎప్పటి లెక్కనే అంచును కొడవలితోని కోసేసి, ఆ పీలికతోని చుట్ట ముట్టించుకొని, తీరువాటంగ కూసొని చదివిన. రోజుకు ఒక మడత. ఒక్కనాడే చదివితే మళ్లా వారం దాక ఏం చదవాలె?

పెన్ డ్రైవ్ కోసం ఎంకటనారాయణ సేటు కాడికి పోయిన. మొన్న షష్టిపూర్తి చేసుకున్నడు గదా, ఆ ఫొటోలు దాంట్లనే వేయించి జేబుల పెట్టుకొని తిరుగుతుండు. "రెండు రోజులకు ఇయ్యి సేటూ, కోడలు పరీక్షకు" అంటే, "పైలం మల్లయ్యా" అని చేతుల పెట్టిండు. ఓదెలు దాన్ని గుచ్చి, "తాతా, ఫార్మాట్ చెయ్యాల్నా?" అని అడిగిండు. "మా ఇందిర చెయ్యమన్నది, చెయ్యి" అన్న. చూడు, నీ మాట ఎంత విన్ననో.

ఇంటికొచ్చి గుచ్చినం. మీ అమ్మ డిలీట్ మీటను కోడిపెట్ట గింజలు ఏరినట్టు పొడిచింది. నీలం తెర వచ్చింది. యూఎస్‌బీని పైకి ఎక్కించింది. ఇంగ్లీషు గీతలు సర్రున పైకి పారినయి. ఆఖరుకు స్పీకర్ల నుంచి "భౌ, భౌ" అని రెండుసార్లు గట్టిగ మొరిగింది. మీ నాయినమ్మ వంటింట్ల నుంచి కట్టె పట్టుకొని ఉరికొచ్చింది. "ఊరకుక్క ఇంట్లకొచ్చింది, మీరు సినిమా చూస్తున్నరా?" అని మంచం కింద, వడ్ల గుమ్మి ఎనుక, అంత వెతికింది. నేను చెప్పలే. వెతకనిచ్చిన.

ఇప్పుడు మీ అమ్మ డ్యూటీ నుంచి వచ్చి రోజుకు గంటన్నర కొడ్తున్నది. నేను పొద్దుగాల బొంబాయి రోడ్డు కల్వర్టు మీద కూసొని, పొయ్యే లారీల నంబర్లు నోటుబుక్కుల రాసుకొస్త. సాయంత్రం చదువుత, కోడలు కొడ్తది. నడుమ నడుమ నేను "ఏపీ 23, లోడు: మీ అత్త కోపం, పన్నెండు టన్నులు" అని చదివితే అది సుత కొట్టేస్తది, తల ఎత్తి చూడది. ఆమెను నవ్విచ్చుడు నాతోని ఏనాడు కాలె.

కుక్కపిల్లకు బువ్వ పెట్టాల్నా అని మీ నాయినమ్మ అడుగుతున్నది. ఏం చెప్పాలె?

నీ మాట జవదాటని,
తాత


వరంగల్,
25 జూలై 2009

తాతా,

అమ్మ మీటలు కొడుతోందని చదివి గంతేశాను. తరువాతి మాట చదివి మంచం మీద కూలబడ్డాను. నువ్వు చుట్ట ముట్టించుకున్న ఆ అంచు మీదే రాశాను, ఫార్మాట్ చేస్తే లోపల ఉన్నదంతా పోతుందని! సేటు గారి ఫొటోలు పోయాయి తాతా. షష్టిపూర్తి మళ్లీ మళ్లీ వచ్చేది కాదు.

ఇకనుంచి ఆ పెన్ డ్రైవ్‌ను కంప్యూటర్‌కు గుచ్చవద్దు. ఎంత వాడితే పాత ఫొటోలు అంత చెరిగిపోతాయి. ఓదెలు దగ్గరికి పో. చెరిగినవాటిని తవ్వి తీసే ప్రోగ్రాంలు ఉంటాయి, ఎన్ని వస్తే అన్ని తీయమను. నా పెన్ డ్రైవ్ ఈరోజే రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను, ఖాళీదే. పప్పీని దానిలో ఎక్కించుకోండి, అమ్మ అభ్యాసం ఒక్కరోజు కూడా ఆగకూడదు.

సేటు గారికి మాత్రం వెంటనే పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పు. నమ్మి ఇచ్చాడు. ఆలస్యం చేసేకొద్దీ చెప్పడం కష్టమవుతుంది.

కుక్కపిల్లకు బువ్వ వద్దు. కరెంటు చాలు.

ఇందిర


కొండాపూర్,
4 ఆగస్టు 2009

పంతులమ్మా,

నీ పెన్ డ్రైవ్ వచ్చింది, కుక్కపిల్ల దాంట్లకు మారింది. కరెంటు రోజుకు ఆరుసార్లు పోతున్నది, పోయినప్పుడల్ల మీ అమ్మ మళ్లా లేపుతున్నది. ఇప్పుడు పొయ్యి ముట్టిచ్చుటానికంటె జల్దీ లేపుతది.

ఇగ సేటు ముచ్చట. ఓదెలు ఒక పూటంత తవ్విండు. రెండు వందల ఫొటోలల్ల పద్నాలుగు దొరికినయి. ఆ పద్నాలుగింట్ల పదకొండుల నేనే ఉన్న, విస్తరి ముంగట. ఒక దాంట్ల నా నోట్ల బూరె సగం లోపల, సగం బయట. సేటు ఒక్క దాంట్ల ఉన్నడు, అది సుత ఎనుక దిక్కు నుంచి. మిగిలిన రెండు వంటోళ్లవి.

గీ ఫొటోలు తీసుకపోయి ఏమని చెప్పాలె? "సేటూ, నీ షష్టిపూర్తి నాదైపోయింది" అనాల్నా?

చెప్పుదామనే పోయిన బిడ్డా. దుకాణం మెట్లు ఎక్కిన. సేటు నన్ను చూసి, "మల్లయ్యా, నిన్ననే రాజారావుతోని మళ్లా చెప్పిన. అరుణమ్మ మా మనిషి, నా పూచీ అన్న" అని చాయ్ తెప్పిచ్చిండు. ఆ చాయ్ తాగినంక నోరు రాలె. ఆయనకు కోపమొచ్చి పూచీ వాపసు తీసుకుంటే మీ అమ్మ పరీక్ష దాక సుత పోదు. అందుకే ఆ పద్నాలుగు ఫొటోలు పెన్ డ్రైవ్‌ల వేయించి, చేతుల పెట్టి, "నీ సామాను పైలంగ తెచ్చిన సేటూ" అని వచ్చేసిన. ఆయన ఇంట్ల కంప్యూటర్ లేదు, చూసుకునేది ఎప్పుడు? 20 దాటనీ, కాళ్ల మీద పడి చెప్త. మీ అమ్మకు సుత చెప్పలే. చెప్తే పరీక్ష వద్దంటది.

అబద్ధం కాదు, జెర లేటు నిజం. అంతే.

తాత


వరంగల్,
10 ఆగస్టు 2009

తాతా,

నువ్వు రాసింది చదివి మొదట నవ్వొచ్చింది, ఆ తరువాత భయమేసింది. ఒక మాట అడుగుతాను. సేటు గారి పెన్ డ్రైవ్‌లో ఫొటోలు వేయించావు సరే, పప్పీని తీయించావా? తీయకపోతే అది ఇంకా అందులోనే ఉంది. దాన్ని ఎక్కడైనా కంప్యూటర్‌కు గుచ్చి ఉంచి స్విచ్ వేస్తే, ఆ కంప్యూటర్ మన కుక్కపిల్లతో లేచినా లేవవచ్చు. ఆయన దాన్ని ఏ ఫొటో స్టూడియోకో తీసుకుపోతే?

పరీక్షకు ముందే చెప్పెయ్యి. ఆయన పూచీ ఇచ్చింది అమ్మ మంచిదని నమ్మి. మనం అబద్ధమాడి ఆ పూచీని వాడుకుంటే అమ్మ కుర్చీలో కూర్చున్నా నిలబడ్డట్టే ఉంటుంది. నువ్వు చెప్పకపోతే నేనే ఆయనకు రాస్తాను. నిజంగానే రాస్తాను.

కోపంతో,
ఇందిర


కొండాపూర్,
22 ఆగస్టు 2009

ఇందిరమ్మా,

నువ్వు గెలిచినవ్. పూర్తిగ చదివి నవ్వుకో.

నీ జాబు 19 నాడు వచ్చింది. నేను కల్వర్టు మీద ఉన్న. మీ అమ్మకు ఆనాడు సెలవు, పోస్టాయన ఆమె చేతుల పెట్టిండు. మీ అమ్మ నా లెక్క కొడవలి పట్టది గదా, గమ్ము తడిపి మెల్లగ విప్పి అంత చదివిందంట. చదివి, మడిచి, నా దిండు కింద పెట్టి, నాకు అన్నం పెట్టింది. నేను దాన్ని చూసింది పరీక్ష నుంచి వచ్చినంకనే. నాకేం తెలుసు?

తెల్లారి పరీక్షకు ఇద్దరం పోయినం. ఇంకో నలుగురు వచ్చిండ్రు, అందరు చదువుకున్న పిల్లలు. ఎవరొచ్చిండ్రో చెప్పు? ఎంకటనారాయణ సేటు! పూచీ ఇచ్చిన మనిషి గదా, చూద్దామని వచ్చిండు. ఉత్త చేతులతోని వచ్చినా మంచిగుండేది. "రాజారావూ, నువ్వు నా షష్టిపూర్తికి రాలే, ఫొటోలన్న చూడు" అని జేబుల నుంచి పెన్ డ్రైవ్ తీసి కాంటా కంప్యూటర్‌కు గుచ్చిండు.

సరిగ్గ అప్పుడే కరెంటు పోయింది. దేవుడున్నడనుకున్న. జనరేటర్ పెట్టిండ్రు, కంప్యూటర్ మళ్లా లేసింది. పెన్ డ్రైవ్ దానికే ఉన్నది. ఇంగ్లీషు గీతలు సర్రున పైకి పారినయి. నేను ఆ గీతలను గుర్తు పట్టిన. దేవుడు లేడనుకున్న.

"భౌ, భౌ!"

రాజారావు కుర్చీల నుంచి ఎగిరి పడ్డడు. "ఏందిది? నా కాంటా ఏది? నా లెక్కలేవి?" అని మొత్తుకున్నడు. బయట లారీలు వరుస కట్టి హారన్లు కొడ్తున్నయి. ఒక డ్రైవరు "అరే భాయ్, జల్దీ కరో" అని కిటికీల తల పెట్టిండు. పరీక్షకొచ్చిన నలుగురు గోడకు ఆనుకున్నరు. వైరస్ అన్నడు ఒకడు. నేను నెమ్మదిగ బయట పాన్ డబ్బా కొట్టు దిక్కు జరుగుతున్న.

మీ అమ్మ లేసింది. "సార్, ఏం పోలే. మీవన్ని లోపలనే ఉన్నయి" అని మీటల ముంగట నిలవడ్డది. కుక్కపిల్లను పద్ధతిగ బంద్ చేసింది. పెన్ డ్రైవ్ పీకింది. మళ్లా స్విచ్చి వేసింది. రాజారావు కాంటా ఎట్లున్నది అట్లనే వచ్చింది.

"నీకెట్ల తెలుసమ్మా ఇది?" అన్నడు రాజారావు.

ఊకె తెలుసు అంటే అయిపోతుండె. నేను దూరం నుంచి కండ్లతోని గదే చెప్తున్న. మీ అమ్మ నా దిక్కు చూసింది. చూసి, సేటు దిక్కు తిరిగింది.

"సేటు గారూ, దీంట్ల ఇది ఎక్కిచ్చింది మేమే. నేను నేర్చుకునేటందుకు. మీ ఫొటోలు మాతోనే పోయినయి. పద్నాలుగే మిగిలినయి. నాకు నిన్ననే తెలిసింది, పొద్దుగాలనే మీ దుకాణానికి వచ్చిన, మీరు లేరు. తప్పు మాది."

సేటు మొఖం తెల్లగైంది. పెన్ డ్రైవ్ తీసుకొని, స్కూటర్ ఎక్కి, నా దిక్కు చూడకుండనే పోయిండు.

రాజారావు పరీక్ష మాత్రం అందరికి పెట్టిండు. మీ అమ్మ గంటల రెండు వందల నలభై నంబర్లు కొట్టింది, రెండే తప్పులు. అయినా ఆయన "పూచీ ఇచ్చినాయననే పోయిండు, ఆలోచన చేసి చెప్త" అన్నడు. బస్సుల వస్తుంటె మీ అమ్మ కిటికీ దిక్కే చూసుకుంట కూసున్నది. నిన్న మళ్లా గోళీల కంపెనీకి పోయింది.

నీ నాయినమ్మ నాతోని మాట్లాడుతలేదు. ఈసారి నేను నవ్విచ్చే మొఖం సుత లేదు.

తాత


వరంగల్,
27 ఆగస్టు 2009

తాతా,

ఈసారి నవ్వలేదు. నేను కూడా తప్పు చేశాను. అంత ముఖ్యమైన మాట అంచు మీద కాదు, మొదటి వరుసలో రాయాలి.

అమ్మకు చెప్పు, మా క్లాసులో ముప్పై మందిమి ఉన్నాం. నల్ల తెర వస్తే మేమందరం ముందు సార్‌ను పిలుస్తాం. అమ్మ పిలవలేదు.

నువ్వు సేటు గారి దుకాణానికి పో. చాయ్ తాగడానికి ముందే చెప్పు. ఆయన తిడితే మొత్తం విను, నడుమ జోకు వెయ్యకు. పని వచ్చినా రాకపోయినా పో.

నీ ఇందిర


కొండాపూర్,
8 సెప్టెంబర్ 2009

ఇందిరమ్మా,

ఈసారి ఇన్లాండు కాదు, కవరు. లోపల ఒక చీటీ ఉన్నది గనుక. ఇన్లాండుల చీటీ పెడ్తే పోస్టాఫీసోళ్లు ఒప్పుకోరు.

నీ జాబు అందిన పూటనే సేటు దుకాణానికి పోయిన. చాయ్ వద్దన్న. చేతులు కట్టుకొని నిలవడి, చుట్ట ముచ్చట నుంచి చాయ్ ముచ్చట దాక అంత చెప్పిన. సేటు అరగంట తిట్టిండు. మస్తు తిట్లు బిడ్డా, రెండు మూడు నాకు సుత కొత్తయి. నేను ఒక్క జోకు వెయ్యలే. నా పానానికి ఎంత కష్టమైందో నీకేం తెలుసు.

తిట్టుడు అయినంక సేటు భార్య రుక్మిణమ్మ లోపలి నుంచి వచ్చింది. "ఊకోండి ఇగ. ఆ ఫొటోలల్ల నా కండ్లన్ని మూసుకొనే ఉన్నయి. పోయిందే నయం. మళ్లా దండలు తెప్పియ్యుండ్రి, మంచిగ తీయించుకుందాం" అన్నది. సేటు కొత్తపెండ్లి కొడుకు లెక్క సిగ్గుపడ్డడు. ఆదివారం ఫొటోలు తీసిండ్రు. ఫొటోగ్రాఫరుకు ఒకటే మాట గట్టిగ చెప్పిండ్రు: మల్లయ్య ఒక్క దాంట్ల సుత పడొద్దు.

ఆ తిట్టిన నాడే నేను పోతుంటె సేటు ఎనుక నుంచి పిలిచిండు. "రాజారావు నన్ను అడిగిండు మల్లయ్యా, పూచీ ఉన్నదా పోయిందా అని. కాంటా కాడ కూసునే మనిషికి ఏం కావాలె? ఉన్నది ఉన్నట్టు చెప్పాలె. తనకు నష్టమైనా ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి నీకు దొరికిందిరా, పోగొట్టుకోకు అన్న." గట్లనే అన్నడు. నా తిట్లు నాకే, మీ అమ్మ పని మీ అమ్మకే.

మీ అమ్మ ఒకటో తారీఖు నుంచి పోతున్నది.

నిన్న నేను చూసొద్దామని పోయిన. లారీలు లేని జాగ చూసి, కాంటా మీదికి ఎక్కి నడుమల నిలవడ్డ. లారీ ఎక్కే జాగల ఒక్కణ్నే, చుట్ట నోట్ల పెట్టుకొని. "మామా, దిగు! ఎనుక సిమెంటు లారీ వస్తున్నది!" అని కిటికీల నుంచి మీ అమ్మ ఒర్రింది. "బరువు చూడనిదే దిగ" అన్న. లోపల మిషన్ కిర్రుమన్నది. కిటికీల నుంచి చీటీ చేతికిచ్చి, "పో ఇగ" అన్నది. మొఖం ఎప్పటి లెక్కనే ఉన్నది, నవ్వు గివ్వు ఏం లేదు.

చీటీ అంత ఇంగ్లీషు. ఓదెలుతోని చదివిచ్చిన. వాడు చదివి బల్ల మీద చెయ్యి కొట్టి కొట్టి నవ్విండు. నేను మళ్లా మళ్లా చదివిచ్చుకొని బట్టీ పట్టిన.

బండి నంబరు: మామ.
సరుకు: పొగాకు.
బరువు: 50 కిలోలు.
తూచినవారు: కె. అరుణమ్మ.

కోడలై వచ్చిన సంది ఒక్కసారన్న నవ్విద్దామని ఎన్ని ఏషాలు వేసిన. ఇప్పుడు నన్నే నవ్విచ్చింది. బస్సుల ఒక్కణ్నే నవ్వుకుంట వచ్చిన, పక్కాయన లేసి వేరే సీట్ల కూసున్నడు.

చీటీ చూసి మళ్లా పంపు. నాకు కావాలె.

నీ యాభై కిలోల సరుకు,
మల్లయ్య తాత